ఆపే బటన్ పిల్లల చేతికి: మా బడి ప్రాజెక్టు డైరీ

జూన్, బడి తెరిచాక

నెల్లూరు నుంచి ఆత్మకూరు పోయే దారిలో, బుచ్చిరెడ్డిపాళెం దాటి లోపలికి వెళ్తే మా జిల్లా పరిషత్ హైస్కూల్. నేను జీవశాస్త్రం చెబుతాను. 2023లో వచ్చిన ఐఎఫ్‌పీలు, అంటే గోడకు బిగించిన పెద్ద టచ్ తెరలు, మా తరగతి గదుల్లో ఉన్నాయి. ల్యాబులో పాతవే అయినా పనిచేసే కంప్యూటర్లు కొన్ని ఉన్నాయి. నా సొంత ట్యాబ్ ఒకటి, ఇంట్లో వాడకుండా పక్కన పెట్టిన ఆండ్రాయిడ్ ఫోన్లు రెండు తెచ్చాను. ఈ ఏడాది ప్రాజెక్టు అంతా వీటితోనే.

నలుగురు పిల్లల కోసం దీన్ని మొదలుపెడుతున్నాను. పేర్లు రాయను. ఏడో తరగతి పాపకు చూపు చాలా తక్కువ, కళ్ళద్దాలతో కూడా బోర్డు కనిపించదు. ఎనిమిదో తరగతి అబ్బాయికి రెండు చెవులకూ మిషన్లు ఉన్నాయి, కానీ పెట్టుకోడు. ఆరో తరగతి పిల్లవాడు ఏది అడిగినా నోటితో చక్కగా చెబుతాడు, పుస్తకం తెరిస్తే మాత్రం అక్షరాలు కూడబలుక్కోవడంలోనే పీరియడ్ అయిపోతుంది. తొమ్మిదో తరగతి అబ్బాయికి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు చెప్పినట్టు కండరాలు కదలని ఇబ్బంది. బుర్ర చురుకు. చెయ్యి మాత్రం అనుకున్న చోటికి పోదు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం నుంచి సహిత విద్య రిసోర్స్ టీచర్ వారానికోసారి వస్తారు. ఆవిడకు మండలంలో ఇంకా చాలా బళ్ళు ఉన్నాయి. మిగతా రోజులన్నీ ఈ పిల్లలు మా దగ్గరే ఉంటారు, కాబట్టి పని కూడా మాదే. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016 చట్టం వాటిని 21 చేసింది. ఆరో తరగతి పిల్లవాడిలాంటి వాళ్ళు, చదవడంలో రాయడంలో ఇబ్బంది ఉన్నవాళ్ళు, ఆ పెద్ద జాబితాలోనే మొదటిసారి చేరారు. అంతకుముందు వాళ్ళను బద్ధకస్తులనేవాళ్ళు. ఇప్పటికీ అనేవాళ్ళున్నారు.

జులై మొదటి వారం: తెర సంగతి

పాపను ముందు బెంచీలో కూర్చోబెడితే సరిపోతుందని అందరూ అన్నారు. ముందు బెంచీలో కూర్చుంది, అయినా కనిపించలేదు. పక్కనే కూర్చుని ఆమె చూసే చోటు నుంచి నేనూ చూశాను. తూర్పు కిటికీ వెలుగు తిన్నగా తెర మీద పడుతోంది. తెల్లటి స్లైడ్ మీద సన్నటి నల్లక్షరాలు. ఉదయం రెండు పీరియడ్లలో ఆ తెర అద్దంలా మెరిసిపోతోంది.

కిటికీకి మందపాటి గుడ్డ కట్టాం. స్లైడ్లన్నీ నల్లటి నేపథ్యం మీద పసుపు అక్షరాలకు మార్చాను. వెబ్ పేజీలకు అంతర్జాతీయంగా ఒక కొలత ఉంది: మామూలు అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5:1 ఉండాలి. నలుపు మీద పసుపు దీనికి చాలా పైన ఉంటుంది. లేత నీలం మీద తెల్లక్షరాలతో వచ్చే ముస్తాబు స్లైడ్లు చాలావరకు ఈ కొలతకు ఆనవు.

అసలు చిక్కు మన లిపిలో వచ్చింది. ఇంగ్లీషు కోసం రాసిన సలహాల్లో ఇది దొరకదు. అక్షరం సైజు పెంచాను, పాప చదివింది. కానీ 'లక్ష్మణ', 'శాస్త్రం' వచ్చేసరికి తడబడింది. పై వరుసలోని వొత్తు కిందికి దిగి, కింది వరుసలోని గుడిని తాకుతోంది. మనకు అవి రెండు వరుసలు. చూపు తక్కువున్న బిడ్డకు అది ఒకే ముద్ద. వరుసల మధ్య ఖాళీ రెట్టింపు చేశాను. అక్షరం సైజు పెంచినప్పటికన్నా ఆ ఖాళీ పెంచినప్పుడే ఎక్కువ మార్పు కనిపించింది. స్లైడుకు ఆరు వరుసలు మించకుండా చూస్తున్నాను. ఫాంటు విషయంలో నోటో శాన్స్ తెలుగు కుదిరింది. ద, ధ, థ పక్కపక్కన పెట్టి అడిగాను. ధ కింద గీత కనబడింది, థ లోపలి చుక్క దగ్గర ఆగింది. ఆ చుక్క కనబడేదాకా సైజు పెంచుకుంటూ పోయాను. అదే ఇప్పుడు మా కొలత: థ లో చుక్క కనిపించాలి.

ఈ మార్పులు క్లాసంతటికీ చేశాను, పాప ఒక్కదానికే కాదు. వెనక బెంచీ పిల్లకాయలు "ఇప్పుడు బాగా కనపడతా ఉండాది మేడమ్" అన్నారు. వాళ్ళలో ఇద్దరికి కళ్ళద్దాలు అవసరమేమోనని అప్పుడే అనుమానం వచ్చింది. ఇళ్ళకు కబురు పంపాను.

జులై చివర

పెద్ద తెర ఎంత బాగున్నా దాని వేగం నాది. నేను స్లైడ్ మార్చేస్తే పాప చదవడం అక్కడికి ఆగిపోతుంది. అందుకని పాఠానికి ముందే స్లైడ్లను పీడీఎఫ్ చేసి ట్యాబులో వేసి ఆమె చేతికిస్తున్నాను. ఆండ్రాయిడ్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీలోకి వెళ్ళి మాగ్నిఫికేషన్ ఆన్ చేస్తే, తెర మీద మూడుసార్లు తట్టగానే ఆ చోటు పెద్దదవుతుంది. రెండు వేళ్ళతో అటూ ఇటూ జరుపుకోవచ్చు. నేను మూడో స్లైడులో ఉంటే ఆమె రెండో స్లైడులో బొమ్మను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూస్తోంది. చూడనీ. తర్వాత నేను అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పింది కదా.

ట్యాబ్ మీదికి వంగి వంగి మెడ నొప్పి అంటోంది. మా బడి పిల్లవాడి నాన్న వడ్రంగి. ఆయన ప్లైవుడ్ ముక్కతో ఏటవాలు స్టాండు చేసిచ్చారు, అంచున జారకుండా చిన్న పట్టీ కూడా కొట్టారు. డబ్బులివ్వబోతే "బడి పనికి డబ్బులేందమ్మా" అన్నారు.

ఆగస్టు: చెవి మిషన్

అబ్బాయి మిషన్లు జోబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. వాళ్ళమ్మను పిలిపించాను. "ఇంటికాడ కూడా పెట్టుకోడు మేడమ్, కుయ్యిమని కూత పెడతా ఉంటదంట, పిల్లకాయలు నవ్వుతారని తీసేస్తాడు" అంది. రిసోర్స్ టీచర్ చూసి వెంటనే చెప్పారు. పిల్లవాడు పెరుగుతున్నాడు, చెవీ పెరిగింది, చెవిలో కూర్చునే అచ్చు మాత్రం పాతదే. అచ్చు వదులైతే మిషన్ పెంచిన శబ్దం సందులోంచి బయటికొచ్చి మళ్ళీ దాని మైకులోకే పోతుంది. ఆ కూత అదే. మిషన్ బాగానే ఉంది. నెల్లూరులో ఆడియాలజిస్టు దగ్గర కొత్త అచ్చులు తీయించారు, కూత పోయింది. పిల్లవాడు మిషన్ పెట్టుకోవడం లేదంటే ముందు అచ్చు చూడాలని ప్రతి టీచరుకూ చెప్పాలనుంది.

ఇప్పుడు పెట్టుకుంటున్నాడు. అయితే క్లాసులో అర్థం కావడం వేరే సంగతి. మిషన్ అన్ని శబ్దాలనూ పెంచుతుంది. నా గొంతుతో పాటు నాలుగు ఫ్యాన్ల చప్పుడునూ, బెంచీలు ఈడ్చే చప్పుడునూ. పైగా దూరం రెట్టింపయ్యే కొద్దీ శబ్దం దాదాపు 6 డెసిబెళ్ళ చొప్పున తగ్గుతుంది. నేను బోర్డు దగ్గర నిలబడి మాట్లాడితే మూడో బెంచీలో అతనికి అందేది ఫ్యాన్ చప్పుడే ఎక్కువ. దానికితోడు నేను తెర వైపు తిరిగి రాస్తూ మాట్లాడతాను, అప్పుడు పెదాలు కూడా కనిపించవు.

నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక షాపులో వైర్ లేని కాలర్ మైకు కొన్నాను. దాని రిసీవర్ ట్యాబు టైప్-సి రంధ్రంలో పెట్టేయవచ్చు. ట్యాబులో లైవ్ ట్రాన్‌స్క్రైబ్ యాప్ పెట్టి తెలుగు ఎంచుకున్నాం. నేను మాట్లాడుతుంటే అతని బల్ల మీద అక్షరాలు పడుతున్నాయి. మైకు నా నోటికి జానెడు దూరంలో ఉంటే తప్పులు తక్కువ. చున్నీ మైకుకు రాసుకుంటే వరుసంతా పోతుంది. అందుకే దాన్ని పక్కకు పిన్ను పెట్టుకుంటున్నాను.

ఆగస్టు, పంద్రాగస్టు తర్వాత

కణం పాఠం. నేను 'హరితరేణువు' అంటే తెర మీద 'హరిత వేణువు' పడింది. 'కణత్వచం' రెండు ముక్కలై ఎటో పోయింది. పాఠ్యపుస్తకం మాటలు రోజువారీ మాటలు కావు, ఇంగ్లీషు పదం కలిస్తే ఇంకా గందరగోళం. కాబట్టి పాఠానికి ముందే ఆ రోజు వచ్చే కొత్త మాటలను బోర్డు మూలన రాసి పెడుతున్నాను. యాప్ ఏది తప్పు రాసినా అతను బోర్డు చూసి ఏ మాటో పోల్చుకుంటాడు. వాడి పక్కన కూర్చునే స్నేహితుడు ఇంకో అడుగు ముందుకేశాడు. యాప్‌లో వచ్చిన పాఠాన్ని ఇంటర్వెల్లులో ఇద్దరూ చదివి, తప్పులు దిద్ది, నోట్సులో ఎక్కిస్తున్నారు. ఆ నోట్సు ఇప్పుడు బడికి రానివాళ్ళంతా అడిగి తీసుకుంటున్నారు.

ఇంకో చిక్కు. నేను చెప్పేది వస్తోంది, తోటి పిల్లలు అడిగేది రావడం లేదు. ప్రశ్న లేకుండా జవాబు మాత్రమే చదివితే ఏమర్థమవుతుంది? అందుకని క్లాసులో నియమం పెట్టుకున్నాం: మైకు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. దీనివల్ల నేను ఎదురు చూడని మేలు జరిగింది. ఎప్పుడూ గట్టిగా అరిచి జవాబు చెప్పే నలుగురైదుగురు ఆగారు. నోరు విప్పని ఆడపిల్లలు మైకు అందుకుని నెమ్మదిగా మాట్లాడుతున్నారు.

మాటలు రికార్డయ్యే వస్తువు కాబట్టి తల్లిదండ్రుల దగ్గర ముందే అనుమతి తీసుకున్నాను. పాఠం అయ్యాక ఆపేస్తున్నాం. వాట్సాప్ గ్రూపుల్లో ఏదీ పెట్టడం లేదు.

సంకేత భాష గురించి రిసోర్స్ టీచర్‌తో మాట్లాడాను. ప్రభుత్వం నడిపే దీక్ష అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో భారతీయ సంకేత భాష వీడియోలున్నాయి. 2024 డిసెంబరులో పాఠాల టీవీ ఛానళ్ళు నడిపే పీఎం ఈ-విద్య కింద 31వ నంబరు ఛానల్ ఒకటి దానికోసమే మొదలైంది. మా అబ్బాయికి ఆ భాష రాదు, చిన్నప్పుడు ఎవరూ నేర్పలేదు. అయినా 'అర్థం కాలేదు', 'మళ్ళీ చెప్పండి', 'నెమ్మదిగా' అనే సైగలు క్లాసంతా నేర్చుకున్నాం. అందరికన్నా ఎక్కువగా వాడేది ఆరో బెంచీ వాళ్ళు.

సెప్టెంబరు: చదివి వినిపించడం

ఆరో తరగతి పిల్లవాడు. ఎఫ్‌ఏ అనే చిన్న పరీక్షలో ప్రశ్నలు నేను చదివి వినిపిస్తే నోటితో దాదాపు అన్నిటికీ చెప్పాడు. నారు ఎందుకు పీకి మళ్ళీ నాటుతారో వాడు చెప్పినంత వివరంగా పుస్తకంలో లేదు. ఆ తెలివి కాగితం మీద సున్నాగా మారుతోంది. ఇది నన్ను చాలా బాధపెట్టింది.

ఆండ్రాయిడ్‌లో సెలెక్ట్ టు స్పీక్ అనే సదుపాయం ఉంది. తెర మీద పాఠాన్ని ఎంచుకుంటే తెలుగులో చదువుతుంది, చదివే మాట రంగు మారుతూ పోతుంది. చెవి విన్నదాన్ని కన్ను అదే క్షణంలో చూస్తుంది. మాకు కావలసింది అదే. కానీ పాఠ్యపుస్తకం పీడీఎఫ్ తెరిచి వినిపించబోతే అర్థం లేని కూతలు కూసింది. పాత డీటీపీ ఫాంట్లతో కూర్చిన తెలుగు అది. కంటికి తెలుగులా కనిపిస్తుంది, లోపల ఉన్నది యూనికోడ్, అంటే ప్రతి యంత్రమూ తెలుగుగా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి, కాదు. కాపీ చేసి చూస్తే పిచ్చి గుర్తులు. పిల్లల కోసం ఇచ్చే ప్రతి తెలుగు పాఠం యూనికోడ్‌లో రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. అది లేకపోతే ఏ చదివే యంత్రమూ మన పిల్లలకు పనికిరాదు.

దారి వెతికాం. పేజీ ఫొటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్‌గా తెరిస్తే అచ్చు తెలుగు అక్షరాలు టెక్స్ట్‌గా మారతాయి. వొత్తుల దగ్గర తప్పులొస్తాయి. పదో తరగతి ఆడపిల్లలు ముగ్గురు వాటిని దిద్దే పని తీసుకున్నారు. సాయంత్రం ల్యాబులో కూర్చుని పాఠం తర్వాత పాఠం సిద్ధం చేస్తున్నారు. వాళ్ళలో ఒకమ్మాయి తనే చదివి రికార్డు చేసింది. పిల్లవాడికి యంత్రం గొంతు కన్నా ఆ అక్క గొంతే ఇష్టం. కానీ రికార్డులో మాటలు రంగు మారవు. అందుకే మొదట అక్క గొంతులో కథలా వింటాడు, తర్వాత యంత్రంతో వేగం తగ్గించుకుని వేలు పెట్టి చదువుకుంటాడు.

వేగం ఎంత పెట్టాలో నేను చెప్పలేదు. వాడే తగ్గించుకున్నాడు. 'సూర్యకాంతి' దగ్గర ఆపి, వెనక్కి జరిపి, మళ్ళీ విని, ముందుకు పోయాడు. క్లాసులో మళ్ళీ చెప్పమని టీచర్‌ను అడగడానికి పిల్లలు ఎంత జంకుతారో నాకు తెలుసు. యంత్రాన్ని ఎన్నిసార్లడిగినా విసుక్కోదు, పక్కవాళ్ళు వినరు. ఈ నాలుగు నెలల్లో చేసిన పనుల్లో ఏది పనిచేసిందో చూస్తే, ప్రతిచోటా ఆపడం, వెనక్కి జరపడం పిల్లవాడి చేతిలో ఉంది. నా చేతిలో ఉన్నవి చూడ్డానికి బాగున్నాయి, అంతవరకే.

నవంబరు: వానలు

మనకు అసలు వానలు ఇప్పుడే. వాయుగుండం, సెలవులు, కరెంటు లేదు, సిగ్నల్ లేదు. సిగ్నల్ పోతే మాటలను అక్షరాలు చేసే పని ఆగిపోతుంది. చదివి వినిపించే గొంతును మాత్రం ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ అక్కర్లేదు. ఇక నుంచి వారం పాఠాలన్నీ ముందే ట్యాబులోకి ఎక్కిస్తాం.

తేమకు చెవి మిషన్లు మొరాయిస్తాయి. చెప్పుల డబ్బాల్లో వచ్చే తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు పోగేసి, మూత గట్టిగా పట్టే డబ్బాలో వేసిచ్చాను. రాత్రి మిషన్లు అందులో పెట్టాలి, బ్యాటరీ తీసి.

డిసెంబరు, జనవరి: చెయ్యి

తొమ్మిదో తరగతి అబ్బాయికి మాటతో టైపింగ్ బాగుంటుందనుకున్నాం. వాడు మాట మాటకీ మధ్య ఆగుతాడు, ఆ విరామంలోనే మైకు ఆగిపోతుంది. వాక్యం మధ్యలో తెగిపోయేసరికి వాడికి టెన్షన్, టెన్షన్ వస్తే మాట ఇంకా పట్టేస్తుంది. "నాకు కీబోర్డే ఇవ్వండి మేడమ్, అది ఎదురు చూస్తది" అన్నాడు. సరే అన్నాను.

ల్యాబులో కంప్యూటర్‌కు స్టిక్కీ కీస్ ఆన్ చేశాం. షిఫ్టు అయిదుసార్లు నొక్కితే ఆన్ చేయాలా అని అడుగుతుంది. ఇక రెండు కీలు ఒకేసారి నొక్కి పట్టుకోనక్కర్లేదు. ఫిల్టర్ కీస్‌తో పొరపాటున తగిలిన నొక్కులు లెక్కలోకి రావు. అయినా వేలు పక్క కీ మీదికి జారుతోంది. నెల్లూరులో స్టిక్కర్లు, బోర్డులు కోసే షాపుకు కీబోర్డు తీసుకెళ్ళి, ప్రతి కీ మీద కన్నం వచ్చేలా అక్రిలిక్ రేకు కోయించాను. ఆ రేకు మీద చెయ్యి ఆన్చి, కన్నంలోకి వేలు దించుతాడు. మొదటి రోజు తన పేరు, ఊరి పేరు, వాళ్ళ బర్రె పేరు టైపు చేశాడు. ఇంటికెళ్ళే బెల్లు కొట్టినా లేవలేదు.

ఈ ల్యాబ్ కంప్యూటర్లలోనే ఎన్‌వీడీఏ కూడా వేశాను, ఏడో తరగతి పాప ముందు ముందు నేర్చుకోవడానికి. తెర మీద ఉన్నదంతా చదివే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది, తెలుగు కూడా చదువుతుంది. 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ అనే కుర్రాడు మొదలుపెట్టాడు, తర్వాత జేమ్స్ టే కలిశాడు. ఇద్దరికీ చూపు లేదు. డబ్బు పెట్టి కొనుక్కోలేని వాళ్ళకు కూడా అందాలని చేశారు. పాపకు ఈ సంగతి చెప్పాను. వాళ్ళు ఏ వయసులో కంప్యూటర్ నేర్చుకున్నారని అడిగింది. కనుక్కుని చెప్తానన్నాను.

మార్చి: పైతరగతికి

ఏడాది చివర నాకున్న దిగులు ఒక్కటే. జూన్‌లో ఈ పిల్లలు వేరే టీచర్ల దగ్గరికి వెళ్తారు, మళ్ళీ మొదటి బెంచీలో కూర్చోబెట్టి ఊరుకుంటారేమోనని. అందుకని ఒక్కొక్కరికీ ఒక కార్డు రాస్తున్నాం. నేను కాదు, పిల్లలే చెబుతుంటే రాస్తున్నాం. పాప కార్డులో: నలుపు మీద పసుపు, వరుసల మధ్య ఖాళీ, థ లో చుక్క కనిపించాలి, స్లైడ్లు ముందే కావాలి. ఎనిమిదో తరగతి అబ్బాయిది: నా వైపు తిరిగి మాట్లాడండి, కొత్త మాటలు బోర్డు మీద రాయండి, ఫ్యాన్ కింద కూర్చోబెట్టకండి. ఆరో తరగతి వాడు ఒకటే చెప్పాడు: నన్ను లేపి అందరి ముందు చదివించకండి. అది పెద్దక్షరాలతో రాశాను.

తొమ్మిదో తరగతి అబ్బాయి పదిలోకి వెళ్తున్నాడు. కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి పిల్లలకు పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాలు అదనపు సమయం ఇవ్వాలి. మూడు గంటల పరీక్షకు గంట. రాయడానికి స్క్రైబ్, అంటే చెప్పింది రాసిపెట్టే మనిషి, సాయమూ తీసుకోవచ్చు. స్క్రైబ్‌తో రాయడం కూడా నేర్చుకోవాల్సిన పనే. బొమ్మ గీయించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ వైపు తిప్పాలో మాటల్లో చెప్పగలగాలి. మొన్న ప్రయత్నించాం. గుండె బొమ్మ చెప్పి గీయించాడు. బొమ్మలో ఎడమ కర్ణిక మనకు కుడి పక్కన రావాలి, అది ఎడమకు పోయింది. చూసి, దిద్దించి, మళ్ళీ చెప్పాడు.

వేసవి సెలవుల్లోపు చేయాల్సినవి: సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువీకరణ పత్రం) గడువు చూడడం, హెడ్మాస్టర్ గారితో స్క్రైబ్, అదనపు సమయం కాగితాలు ముందే మొదలుపెట్టించడం, పదో తరగతి జీవశాస్త్రం పాఠాలు యూనికోడ్‌లోకి ఎక్కించడం. ఈ ఏడాది పాఠాలు దిద్దిన అమ్మాయిలు పదో తరగతి పూర్తి చేసి వెళ్ళిపోతున్నారు, కాబట్టి తొమ్మిదో తరగతిలో ఎవరెవరు వస్తారో అడిగాను. ఐదుగురు చేతులెత్తారు. అందులో కీబోర్డు అబ్బాయి కూడా ఉన్నాడు.